పళ్ళకి మరపు మందు

"ఈ అమ్మాయి మన ప్రయోగం కోసమే పుట్టింది," అని తరుణ్ గాజు తలుపు అవతల నుంచి గుసగుసగా అన్నాడు. వాడి గుసగుస అంటే పక్క గదికి వినపడే గుసగుస. నూకరత్నానికి వినపడిపోయిందేమోనని గబుక్కున ఆమె వైపు చూశాను. వినపడలేదు. ఆమె కుర్చీలో వెనక్కి వాలిపోయి, నోరంతా తెరిచి, దీపం వెలుగుకి కళ్ళు చిట్లించుకుని ఉంది. మా ఉజ్వలా మేడం చిన్న అద్దంతో లోపలంతా చూస్తున్నారు. గోడ పక్క బెంచీ మీద నూకరత్నం నాన్న అప్పలకొండ గారు, నానమ్మ తవిటమ్మ గారు. ఆవిడ ఒళ్ళో స్టీలు డబ్బా.

అది విశాఖపట్నంలో మా ఆసుపత్రి కింది అంతస్తు. పైన లాబ్. కింద ఉజ్వలా మేడం వంకర పళ్ళు సరిచేస్తారు, పైన నేనూ తరుణూ ఆ సరిచేయడం తొందరగా అయ్యే మార్గం వెతుకుతాం. అప్పటికి దొరికేసిందనే అనుకుంటున్నాం!

"పై పళ్ళు ముందుకి వచ్చాయి, అది పైకి కనపడేదే," అన్నారు మేడం చేతి తొడుగు తీస్తూ. "అసలు సంగతి లోపలుంది. నోరు మూసినప్పుడల్లా కింది పళ్ళు అంగిట్లో గుచ్చుకుంటున్నాయి. అక్కడ పుండు పడింది. ఎన్నాళ్ళుగా నెత్తురొస్తోందమ్మా?"

"ఎప్పుడూ వత్తాదండి," అంది నూకరత్నం, చేత్తో నోరు మూసుకుని. ఆ చెయ్యి అలవాటుగా వెళ్ళిపోతుంది, మాట కంటే ముందు. "అందరికీ వత్తాదనుకున్నాను."

"క్లిప్పులు వెయ్యాలి. పంటికొక చిన్న బిళ్ళ అతికించి, వాటి మీదుగా తీగ పోనిస్తాం. నెలకోసారి వచ్చి బిగించుకోవాలి. రెండేళ్ళు పడుతుంది."

"రెండేళ్ళా!" అన్నారు అప్పలకొండ గారు.

"ఆ రెండేళ్ళూ గట్టివి, అంటుకునేవి కొరక్కూడదు. చెరుకు, వేరుశనగ ఉండలు, జీళ్ళు..."

 తవిటమ్మ గారు ఒళ్ళో డబ్బాని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు, ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు.

"డాక్టరమ్మా," అన్నారు అప్పలకొండ గారు నెమ్మదిగా, "మాది జీళ్ళ యాపారమండి."

మేడం నా వైపు చూశారు. నేను తరుణ్ వైపు చూశాను. వాడు తలుపు అద్దానికి ముక్కు ఆనించి నవ్వుతున్నాడు.

విజయనగరంలో వాళ్ళ ఇంటి వెనక పెద్ద పొయ్యి ఉంది. బెల్లం పాకం ముదరనిచ్చి, బండ మీద పోసి, చెయ్యి పట్టేంత చల్లారాక ముద్దచేసి గోడ మేకుకి తగిలించి లాగుతారు. లాగీ లాగీ మళ్ళీ తగిలించీ లాగితే నల్లటి పాకం తెల్లబడుతుంది. అప్పుడు నువ్వులద్ది తుంచితే జీళ్ళు. ఏ వాయి పాకం దిగినా మొదటి ముక్క నూకరత్నం నోట్లోకే. ముందు పళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కుతుంది.

"ముదిరితే పెళుక్కుమని ఇరుగుతాదండి," అంది నూకరత్నం. ఈసారి చెయ్యి నోటికి అడ్డం వెళ్ళలేదు, గాల్లో జీడిని పట్టుకున్నట్టు ఆగింది. "లేతదైతే పంటికి సాగతాది. సరిగ్గుంటే మాత్రం ముందు కాసేపు బింకంగా ఉంటాది, ఆనక నాకే తెలీకుండా తెగుతాది. ఆ బింకం ఎంతసేపో పంటికి తెలాల."

"ముందు నానే సూసీదాన్ని," అన్నారు తవిటమ్మ గారు, ఇంకా మిగిలిన ఒకే ఒక్క పన్ను కనపడేలా నవ్వి. "పళ్ళన్నీ ఎల్లిపోనాయి. ఇదొక్కటీ నన్నొదిల్లేక ఉండిపోనాది. అప్పుడు దీనికప్పగించీసినాను. దీని అయ్యకి తెల్దు. ఆడికి పాకం అంటే పాకమే."

"నా ముందరే అంటావేటే?" అన్నారు అప్పలకొండ గారు.

రెండేళ్ళు కాదు, మూడు వారాల్లో అయిపోయే పద్ధతి ఒకటుందని మేడం చెప్పింది అప్పుడే. ప్రయోగంలో ఉందనీ, అనుమతులన్నీ వచ్చాయనీ, ఇష్టమైతేనేననీ, ఇంటికెళ్ళి ఆలోచించుకోమనీ చెప్పారు. నూకరత్నం ఆలోచించుకోలేదు. అక్కడే తల ఊపేసింది.

*

పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకునేదాన్ని. కాదు! పన్ను చుట్టూ సన్నటి నారపోగులు ఉంటాయి, వేల కొద్దీ. ఎముకకీ పంటికీ మధ్య ఉయ్యాల తాళ్ళలాగ కట్టి ఉంటాయి. తీగ పన్నుని ఒక వైపు లాగినప్పుడు ఆ వైపు ఎముక కొంచెం కొంచెం కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పడుతుంది. అందుకే నెలలు పడుతుంది. సరే, పన్ను కొత్త చోటుకి వచ్చిందనుకోండి. తీగ తీసేయగానే ఆ తాళ్ళు ఏం చేస్తాయో తెలుసా? "మనిల్లు అక్కడ కదా" అని మళ్ళీ పాత చోటుకి లాగడం మొదలెడతాయి. అందుకని క్లిప్పులు తీశాక కూడా పళ్ళని పట్టి ఉంచే పలక ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు పెట్టుకోవాలి. పెట్టుకోవడం మానేసి, పళ్ళు మళ్ళీ వంకరపోయి వచ్చి మేడం చేత తిట్లు తినేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు.

మా మందు చేసేది చిన్న పని. సూదితో చిగుళ్ళలోకి దిగి, ఆ తాళ్ళ చేత పాత ఇల్లు మరిపిస్తుంది. వాటి పట్టు వదలగానే ఎముక మెత్తబడుతుంది, తీగ లాగితే పన్ను వెన్నలో వేలు పెట్టినట్టు జరుగుతుంది, కొత్త చోట తాళ్ళు కొత్తగా అల్లుకుంటాయి. వెనక్కి లాగడం లేదు. పలక అక్కర్లేదు. పేరు పెద్దదేదో ఉంది కానీ మేమంతా మరపు మందు అనేవాళ్ళం.

అన్నిటికన్నా గొప్ప సంగతి, నొప్పి లేదు! మామూలు తీగ బిగిస్తే మూడు నాలుగు రోజులు పళ్ళు సలుపుతాయి, అన్నం నమలాలన్నా ఏడుపొస్తుంది. ఇందులో అస్సలు లేదు. ఆ ఫలితం వచ్చిన రోజు తరుణ్ నన్ను కుర్చీతో సహా గిరగిరా తిప్పాడు.

ముందు మా మీదే చేసుకున్నాం. ఉజ్వలా మేడం పళ్ళ వరసలు రెండూ, నా వరసలు రెండూ. నాకు కోరపన్ను బయటికి పొడుచుకుని ఉండేది, చిన్నప్పుడు బడిలో దాని మీద పాట కట్టారు. మూడు వారాల్లో లోపలికి వెళ్ళిపోయింది. చల్లనీళ్ళు తాగితే పన్ను జివ్వుమంటోంది, అంటే బతికే ఉంది. ఎముక ఫోటోలు అద్భుతం. ఇంకేం కావాలి? తరుణ్ మాత్రం సూది చూసి పారిపోయాడు. వాడి పళ్ళు ఇప్పటికీ సంతలో నిలబడ్డ జనంలా ఉంటాయి.

నూకరత్నానికి వేసిన రోజు నుంచి మాకు పండగే. రెండు రోజులకోసారి విజయనగరం బస్సు దిగి వచ్చేది. మేము ముగ్గురం ఆమె నోటి చుట్టూ మూగి, మొగ్గ విచ్చుకోవడం చూసినట్టు చూసేవాళ్ళం. మెత్తటివే తినాలని మేడం గట్టిగా చెప్పారు, ఎముక మెత్తగా ఉంటుంది కదా! ఇడ్లీ, పెరుగన్నం, పప్పు మెదిపిన అన్నం. తిన్నాక ప్రతిసారీ తోముకోవాలి, బిళ్ళల చుట్టూ మెతుకు ఉండకూడదు. వాళ్ళింట్లో అయితే ఆ మూడు వారాలూ పొయ్యే వెలిగించలేదట. అప్పలకొండ గారు డబ్బాలన్నీ అటకెక్కించేశారట, కూతురు ఎక్కడ మనసు పారేసుకుంటుందోనని.

తీగ తీసిన రోజు నూకరత్నం అద్దం ముందు చాలాసేపు కూర్చుంది. నవ్వలేదు. పెదాలు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది.

"ఏమైంది?" అన్నాను.

"పెదాలు మూసుకుంటే నోట్లో ఇంత సల్లగా ఉంటాదేటండి?" అంది. "నాకు తెల్దు. నాకెప్పుడూ మూసుకోలేదు."

మేడం గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయారు.

*

మొదటి వాయికి మమ్మల్నందరినీ పిలిచారు. అమ్మవారి పండగ దగ్గరపడుతోంది, ఇంక వరసగా పాకం దింపాలి. మేడానికి రోగులున్నారు, నేనూ తరుణూ వెళ్ళాం. పెరట్లో బెల్లం వాసన ఎంత చిక్కగా ఉందంటే గాలిని చప్పరించవచ్చు. అప్పలకొండ గారు చొక్కా విప్పేసి మేకు దగ్గర పాకం లాగుతున్నారు. నూకరత్నం వాళ్ళమ్మ సన్నెమ్మ గారు నువ్వులు వేయిస్తున్నారు. తవిటమ్మ గారు మంచం మీద కూర్చుని అందరికీ పని చెబుతున్నారు.

"రా ఒలే," అన్నారు. "కొత్త పళ్ళు ఎలగ పన్సేత్తాయో సూద్దాం."

నూకరత్నం ముక్క తీసుకుంది. పళ్ళ మధ్య పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.  నొక్కింది. కళ్ళు తెరిచి కొంచెం ఆగి, "బాగుంది," అంది.

ఆ ఆగడం నేను చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు.

"ఇటియ్యి మరి," అని తవిటమ్మ గారు ఇంకో ముక్క అందుకున్నారు. ఆవిడ పద్ధతి వేరు. ఉన్న ఒక్క పంటికి జీడిని ఆనించి, బయట కొసని చేత్తో పట్టుకుని కిందికి వంచుతారు. పాకం సరిగ్గా ఉంటే వంగి తెగుతుంది. ఆవిడ వంచారు.

పెళుక్కుమంది.

తవిటమ్మ గారు నోట్లోంచి చెయ్యి తీసి చూసుకున్నారు. చేతిలో జీడి ముక్క. జీడి ముక్కకి అతుక్కుని పన్ను!

 ఆవిడే ముందు తేరుకున్నారు. "ఓలమ్మో," అన్నారు, పన్నుని వెలుతురికి ఎత్తి పట్టుకుని. "ఇన్నాళ్ళూ ఊగులాడినావు కదే, ఇయ్యాల ముహూర్తం కుదిరినాదేటే నీకు?" అని పకపకా నవ్వడం మొదలెట్టారు. తరుణ్ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు. సన్నెమ్మ గారు ఉప్పునీళ్ళకి పరిగెత్తారు.

నూకరత్నం నవ్వలేదు. ఇంకో ముక్క తీసుకుని కొరికింది. ఇంకోటి. ఆ పక్కన ముందే పక్కకి తీసిన లేత పాకం ముద్ద ఉంటే అది కూడా తుంచి కొరికింది. కొరికిన ప్రతిదానికీ ఆమె మొహం ఒకలాగే ఉంది. కింది పెదవి పక్క నుంచి ఎర్రగా ఏదో కారింది. నాలిక కొరుక్కుంది, అది కూడా ఆమె పట్టించుకోలేదు.

"నాన్నా," అంది. "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి నాన్నా. దూది కొరికినట్టుంది."

అప్పలకొండ గారి చేతిలో పాకం తాడు మేకు నుంచి జారి నేల మీద పడింది. వాళ్ళ పెరట్లో పాకం నేల పడటం అదే మొదటిసారట, తర్వాత సన్నెమ్మ గారు చెప్పారు.

*

తిరుగు బస్సులో తరుణ్ నా చేతిలో ఒక జీడి పెట్టాడు. "తిను," అన్నాడు. "నువ్వు కూడా ఆ మందు వేసుకున్నావు కదా. తిని చెప్పు."

"పళ్ళకి మంచిది కాదు," అన్నాను అలవాటుగా. అన్నాకే తట్టింది.

మా లాబ్‌లో మరపు మందు వేసుకున్న వాళ్ళందరం పళ్ళ ఆసుపత్రి మనుషులమే. మేము గట్టివి కొరకం! జనాన్ని కొరకొద్దని చెప్పీ చెప్పీ మేమే మానేశాం. ఆపిల్ అయినా ముక్కలు కోసుకుని వెనక పళ్ళతో నములుతాం. అంత జాగ్రత్తగా, బుద్ధిగా తిన్న నోళ్ళతో మందు మంచిదని తేల్చేశాం. ఇడ్లీతో పరీక్ష పెట్టి పంటికి పట్టా ఇచ్చేశాం.

జీడి కొరికాను. తియ్యగా ఉంది. నువ్వుల వాసన తెలుస్తోంది. కానీ నా ముందు పళ్ళు దేన్ని కొరుకుతున్నాయో నా ముందు పళ్ళకి తెలియడం లేదు. అక్కడ ఎవరూ లేరు.

ఆసుపత్రికి వెళ్ళీ వెళ్ళగానే మేడాన్ని కూర్చోబెట్టాం. పైపళ్ళు కిందపళ్ళు ఎక్కడ తగులుతున్నాయో చూడటానికి దంతవైద్యులు పల్చటి రంగు కాగితం కొరికిస్తారు. రోజూ ఎంతమందికో మేడమే కొరికిస్తారు. రంగు ఎక్కడ అంటిందా అని చూస్తారు తప్ప, "కాగితం తెలుస్తోందా?" అని ఎవరినీ అడగరు. అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది కనక! తరుణ్‌ని ముందు కూర్చోబెట్టాం, వాడికి మందు వెయ్యలేదు కాబట్టి. కళ్ళు మూసుకుని నొక్కమన్నాం. కాగితం పెట్టినప్పుడు "ఉంది" అన్నాడు, తీసినప్పుడు "లేదు" అన్నాడు. ఒక్కసారీ తప్పలేదు.

"వెంట్రుక పెట్టినా తెలుస్తుంది," అన్నాడు గర్వంగా.

"నీ పళ్ళకి మొదటిసారి మర్యాద దక్కింది, కూర్చో," అన్నాను.

తర్వాత నేను. తర్వాత మేడం. కాగితం పెట్టాం, రెండు మడతలు పెట్టాం, ఆఖరికి అట్టముక్క పెట్టాం. మేడం కళ్ళు మూసుకునే "లేదు" అన్నారు. కళ్ళు తెరిచి, పళ్ళ మధ్య నుంచి అట్టముక్క బయటికి పొడుచుకుని ఉండటం అద్దంలో చూసుకున్నారు.

అట్టముక్క తీసి బల్ల మీద పెట్టారు.

"నొప్పి లేదని గంతులేశాం," అన్నారు మేడం చివరికి. "ఆ తాళ్ళల్లోనే కదా నరాల కొసలుంటాయి! పన్ను ఎంత గట్టిగా నొక్కుతోందో మెదడుకి చెప్పేవి అవే. తాళ్ళ చేత ఇల్లు మరిపించాం అనుకున్నాం. కొరకడమే మరిపించేశాం. చల్లదనం తెలిసేది పన్ను నడిమి నరానికి. అది బాగానే ఉంది, అందుకని మోసపోయాం." ఆగి, "ఆరు నెలలుగా నాలిక కొరుక్కుంటున్నాను ప్రణవీ. తొందర మనిషిని కదా, తొందరలో తింటున్నాను అనుకున్నాను," అన్నారు.

మరపు మందు కోసం పేర్లు ఇచ్చి ఎదురుచూస్తున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. పెళ్ళిళ్ళు పెట్టుకున్నవాళ్ళు, ఉద్యోగాల్లో చేరబోయేవాళ్ళు. వైద్యుల సభలో మేడం ప్రసంగం కూడా ఖాయమైపోయింది.

"ఏం చేద్దాం మేడం?" అన్నాడు తరుణ్.

"ప్రసంగం చేస్తాను," అన్నారు మేడం. "ఏం పోయిందో చెబుతాను. ఎదురుచూసే వాళ్ళందరికీ ఫోన్ చేసి ఆపేశామని చెప్పండి. ముందు మాత్రం విజయనగరం వెళ్ళాలి."

*

అప్పలకొండ గారు మమ్మల్ని తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీలేశారు. సన్నెమ్మ గారు టీ ఇచ్చారు. తవిటమ్మ గారు బోసినోటితో, "నా పన్ను గురించే అయితే బెంగెట్టుకోకండమ్మా, అది ఎల్లిపోడానికే ఉన్నాది," అన్నారు.

మేడం అంతా చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు.

నూకరత్నం తలుపుకి ఆనుకుని నిలబడి వింది. కొత్త పెదాలు గట్టిగా మూసుకుని ఉంది. "ఇలగవుతాదని మీరు నాకు సెప్పలేదు," అంది.

"మాకే తెలీదమ్మా."

"తెలీకపోతే, తెలీనివి ఇంకా ఉంటాయని సెప్పాల గదా డాక్టరమ్మా! 'నొప్పుండదు, మూడు వారాలే' అని సెప్పినారు. మీకు తెలిసిన మంచి ఒకటే సెప్పినారు. నాను పంటితో ఏటి సేత్తానో మీకు మొదటి రోజే సెప్పినాను కదా. బింకం అని సెప్పినాను కదా."

మేడం తల వంచుకున్నారు. నూకరత్నం నిజంగానే చెప్పింది. అందరం విన్నాం. విని ముచ్చటపడ్డాం, అంతే.

"పంటితో ఏం పని చేస్తావని ప్రతి రోగినీ అడగాలి," అన్నారు మేడం మెల్లగా. "సన్నాయి వాయించేవాళ్ళుంటారు, దారం కొరికే దర్జీలుంటారు. అడిగి, అక్కడ పరీక్ష చెయ్యాలి. నేను చెయ్యలేదు. తప్పు నాదే."

"మరిప్పుడేటి దారి?" అన్నారు అప్పలకొండ గారు.

దారి ఒక్కటే తోచింది మాకు, అది కూడా ఊహే. మామూలు తీగ నెమ్మదిగా లాగినప్పుడు నారపోగులు తెగుతూ అల్లుకుంటూ ఉంటాయి, వాటితో పాటు నరాల కొసలు కూడా పెరుగుతాయి. కాబట్టి క్లిప్పులు పెట్టి, పళ్ళని కొంచెం అటూ ఇటూ, నెలల తరబడి, మర్యాదగా కదిపితే, పోయిన తెలివి తిరిగి రావచ్చు. రాకపోవచ్చు.

"హామీ ఇవ్వలేను," అన్నారు మేడం. "ఇంకో సంగతి. క్లిప్పులు ఉన్నంతకాలం..."

"జీళ్ళు తినకూడదు," అంది నూకరత్నం.

తవిటమ్మ గారికి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశారు కానీ పళ్ళు లేని నోట్లో నవ్వు ఆగదు. "జీడి రుసి సూడ్డానికి జీడి మానీయాల! బాగుంది మీ యవ్వారం." నూకరత్నం కూడా ఏడుస్తూనే నవ్వేసింది.

"నేను కూడా వేయించుకుంటున్నాను," అన్నాను ఉండబట్టలేక. "నీతో పాటే."

"మీకేటండి, మీకు జీళ్ళ యాపారం లేదు కదా."

"నాకు పళ్ళున్నాయి కదా!"

*

ఆ ఏడు అమ్మవారి పండగకి అప్పలకొండ గారే పాకం చూశారు. నీళ్ళలో చుక్క వేసి, వేళ్ళ మధ్య నొక్కి, తిట్టుకుని, మళ్ళీ నొక్కి. జనం కొనుక్కున్నారు. కొనుక్కుని, "ఈపాలి జీడి ఏటో తేడాగుందిరా కొండా," అన్నారు. ప్రతిసారీ నూకరత్నం దుకాణం లోపలికి వెళ్ళిపోయేది.

ఆమె నోట్లో తీగ. నా నోట్లో తీగ. ఉజ్వలా మేడం నోట్లో కూడా తీగే. దాంతో రోగులకి మేడం మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది, "అయ్యో, మీకు కూడానా!" అని. మా ముగ్గురికీ ఫోన్లో ఒక గుంపు ఉండేది. తీగ కొస బుగ్గలో గుచ్చుకుంటే మైనం ఉండ చేసి అంటించుకోవాలని నేను రాస్తే, "మైనం మింగీసినాను, ఏమైనా అవుతాదా?" అని నూకరత్నం అడిగేది. ఏమీ అవదు. చిన్న రబ్బరు బ్యాండ్లు పైనుంచి కిందికి తగిలించుకోవాలి, తినేటప్పుడు తప్ప తియ్యకూడదు. అవి ఆమె నోట్లోంచి ఎగిరి అప్పలకొండ గారి టీ గ్లాసులో పడేవి. ఒక బిళ్ళ ఊడిపోతే, ఎందుకు ఊడిందని మేడం నిలదీస్తే, చాలాసేపు తప్పించుకుని చివరికి "వేరుశనగపప్పు" అని ఒప్పుకుంది. అది కూడా ఎలా ఉంటుందో చూద్దామని! ఏమీ తెలియలేదట.

మొదటి బిగింపుకి నొప్పి రాలేదు. రెండో బిగింపుకీ రాలేదు. ఆసుపత్రి బెంచీ మీద పిల్లలు బుగ్గలు పట్టుకుని ఏడుస్తుంటే మేమిద్దరం వాళ్ళని ఎంత అసూయగా చూసేవాళ్ళమో! ఒక చిన్నది తీగ బిగించుకుని వస్తూ, "బాగా నొప్పి ఆంటీ," అంటే, నూకరత్నం దాని పక్కన కూర్చుని, "ఎలాగుంటాది? సలుపుతాదా, గుంజుతాదా?" అని వివరాలన్నీ అడిగింది. ఆ పిల్ల భయపడి వాళ్ళమ్మ దగ్గరికి పారిపోయింది.

వానలు వెళ్ళిపోయాయి, చలి వెళ్ళిపోయింది. ఒకరోజు నూకరత్నం, "ఏటో చిరాగ్గా ఉంది పంట్లో, చీమ పాకినట్టు," అని పెట్టింది. నేను పొంగిపోయాను. మర్నాడు, "లేదు, ఉత్తినే అనుకున్నట్టున్నాను," అని పెట్టింది. తర్వాత కొన్ని వారాలు గుంపులో ఏమీ రాయలేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ ఎత్తి, "పన్లో ఉందమ్మా," అనేవారు. ఆ 'పన్లో' అనే మాట విని నాకు నిద్ర పట్టేది కాదు. పెరట్లో పొయ్యి దగ్గరికి రావడం మానేసిందట. పట్నం వెళ్ళి ఏదైనా దుకాణంలో బిల్లులు కొట్టే పని చూసుకుంటానందట. పంటితో పని లేని పని.

ఇంక ఉండలేక ఒక ఆదివారం విజయనగరం వెళ్ళిపోయాను. తలుపు తీసి నన్ను చూసి నవ్వింది. తీగల మీద ఎండ పడి మెరిసింది. చెయ్యి మాత్రం మళ్ళీ నోటికి అడ్డం వచ్చింది.

"భోజనం సేసి ఎల్దురు," అంది.

వరసగా కూర్చున్నాం. అప్పలకొండ గారు, తవిటమ్మ గారు, నూకరత్నం, నేను. సన్నెమ్మ గారు వడ్డిస్తున్నారు. పప్పు, వంకాయ కూర. తవిటమ్మ గారికి అన్నం గంజిలా మెదిపి పెట్టారు.  పట్నంలో పని గురించి అప్పలకొండ గారు ఏదో అడగబోయి మానేశారు.

నూకరత్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు నమిలింది.

ఆగిపోయింది.

చెయ్యి పళ్ళెం మీద గాల్లో నిలిచిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మళ్ళీ చాలా మెల్లగా నొక్కింది. ఆమె దవడ పక్క కండ చిన్నగా కదలడం నాకు కనపడింది.

"రాయి," అంది.

"ఏటి?" అన్నారు సన్నెమ్మ గారు గరిటె పట్టుకుని.

"రాయమ్మా! అన్నంలో రాయుంది!" వేలు నోట్లో పెట్టి తీసింది. వేలి కొస మీద తెల్లటి రాతి పలుకు, ఆవగింజ కంటే చిన్నది. "ముందు పళ్ళ కింద పడ్డాది. కరుక్కుమంది. ఇక్కడ, ఈ రెండిటి మజ్జిన."

"నా అన్నంలో రాయేటి?" సన్నెమ్మ గారికి ముందు రోషం వచ్చేసింది. "శుభ్రంగా సెరిగి, ఏరి, మూడు నీళ్ళు కడిగి వొండినాను! నా అన్నంలో రాయని ఇంతవరకూ ఎవుడూ..." అప్పుడు తట్టింది ఆవిడకి. గరిటె కింద పెట్టేసి నేల మీదే చతికిలబడి, పైట చెంగు నోట్లో కుక్కుకున్నారు.

"ఏదీ, ఇటియ్యి, ఇటియ్యి," అన్నారు తవిటమ్మ గారు. ఆ పలుకు నూకరత్నం వేలి మీంచి ఆవిడ అరచేతిలోకి, అక్కడినుంచి అప్పలకొండ గారి అరచేతిలోకి వెళ్ళింది. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయారు. 

"బియ్యం ఎక్కడ కొన్నావే?" అన్నారు చివరికి భార్యతో.

"మన సందు సివర కొట్లోనే."

"ఇంక అక్కడే కొను."

నూకరత్నం మళ్ళీ ముద్ద పెట్టుకుంది. మెతుకు మెతుకునీ ముందు పళ్ళతో కొరుకుతోంది, పిచ్చిదానిలా, నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటూ. ఇది మెత్తగుంది, ఇది కొంచెం బిరుసుగుంది, ఇది పప్పుబద్ద, ఉడకలేదమ్మా ఇది. "ఉడకలేదంటాదేటి దొంగముండ," అని సన్నెమ్మ గారు ఏడుస్తూనే వీపు మీద ఒకటేశారు.

నేను నా అన్నం నెమ్మదిగా నమిలాను. ముందు పళ్ళతో. అంతా మెత్తగా, ఒక్కలాగే ఉంది. నా పళ్ళకి ఇంకా ఏమీ తెలియలేదు.

పళ్ళెం ముందుకి జరిపి, "అమ్మా, ఆ గిన్నెలోదే ఇంకొంచెం పెట్టండి," అన్నాను. "అడుగు నుంచి పెట్టండి."